బుడమేరు నానబెట్టిన కొర్రలు

"మీరు నిలబడటం లేదండీ, మిమ్మల్ని మీరు నిలబెట్టుకుంటున్నారు" అని తాయ్ చీ అనే చైనా యుద్ధవిద్య నేర్పే మా మాస్టారు అన్న రోజు నాకు బాగా గుర్తుంది. విజయవాడ భవానీపురంలోని పున్నమి ఘాట్‌లో, తెల్లవారుజామున అయిదున్నర గంటలకు, మోకాళ్ళు కొద్దిగా వంచి, పెద్ద గంగాళాన్ని కావలించుకున్నట్టుగా చేతులను ఛాతీ ఎత్తున గుండ్రంగా పట్టి, ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడగలిగానన్న గర్వంలో ఉన్నాను. తొడలు వణుకుతున్నాయి, చెమట కనుబొమల మీదుగా కళ్ళలోకి దిగుతోంది, అయినా నేను చలించలేదు. మాస్టారు దగ్గరికి వచ్చి నా కుడి భుజం మీద రెండు వేళ్ళు ఆనించారు. నొక్కలేదు, తోయలేదు, ఊరికే ఆనించారు. ఆ భుజం చెవి దాకా ఎక్కి కూర్చుని ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. కిందికి దించాను. ఆయన వేళ్ళు తీయగానే అది మళ్ళీ తన పాత చోటికి వెళ్ళిపోయింది.

నేను గవర్నరుపేటలో పన్ను రిటర్నులు దాఖలు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. మా వృత్తిలో నెలకు ముప్ఫై రోజులు ఉండవు, ఇరవయ్యో తేదీ ఒక్కటే ఉంటుంది. జీఎస్టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్టీ రిటర్ను గడువు ఆ రోజుతో ముగుస్తుంది గనుక, షాపుల వాళ్ళు బిల్లుల సంచి పట్టుకుని సరిగ్గా పందొమ్మిదో తేదీ సాయంత్రం మెట్లెక్కుతారు. నలభై ఏడేళ్ళు వచ్చేసరికి నా మెడ ఎడమవైపు తిరగడం మానేసింది, నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని మా ఆవిడ చెప్పసాగింది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, చెప్పుకోదగ్గ లోపమేమీ లేదని, నెమ్మదిగా కదిలే వ్యాయామం ఏదైనా చేయమని పంపించేశారు. 2021 చలికాలంలో ఘాట్ వైపు నడకకు వెళ్తూ, నది ఒడ్డున ఒక పెద్దాయన గాలిని పక్కకు జరుపుతున్నట్టుగా చేతులు కదపడం చూసి ఆగిపోయాను. అలా మొదలైంది.

ఆయన రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి, పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. అక్కడి రైల్వే కార్ఖానాను నమ్ముకుని తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వయసులో ఉండగా కలకత్తా తాంగ్రా ప్రాంతంలో తోళ్ళ పని చేసే ఒక చైనా కుటుంబంతో స్నేహం కుదిరి, ఆ ఇంటి పెద్దాయన దగ్గర తాయ్ చీ నేర్చుకున్నారట. ఆయన ఫీజు తీసుకోరు. ఆలస్యంగా వస్తే మాత్రం ఆ రోజంతా మాట్లాడరు.

ఘాట్‌కు వచ్చేవాళ్ళు మమ్మల్ని చూసి, "సినిమా కోసం ప్రాక్టీసా అండీ?" అని అడుగుతుంటారు. ఇది యుద్ధవిద్య అని చెబితే నవ్వుతారు. నిజానికి దాని పూర్తి పేరు తాయ్ చీ చువాన్, అందులో "చువాన్" అంటే పిడికిలి. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లెలో చెన్ కుటుంబీకులు తరతరాలుగా సాధన చేస్తున్న ఈ విద్యను, అక్కడే నేర్చుకున్న యాంగ్ లూచాన్ 19వ శతాబ్దంలో బీజింగ్‌కు తీసుకువెళ్ళాడు. ఆయన మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ దానికి ఇప్పుడు మనం చూసే నెమ్మదైన, విశాలమైన రూపం ఇచ్చాడు. మేము చేసే 24 భంగిమల వరస ఆ యాంగ్ శైలి నుంచి 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం కుదించి తయారు చేసినది. దీన్ని "లోపలి విద్య" అనడం ఇంకా పాత సంగతి. 1669లో హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి కోసం రాసిన స్మృతి వ్యాసంలో, షావోలిన్ మఠం పద్ధతిని బయటి విద్య అనీ, నిశ్చలతతో కదలికను అదుపు చేసేది లోపలి విద్య అనీ విడదీశాడు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో సున్ లూతాంగ్ అనే గురువు తాయ్ చీ, షింగ్ యీ, బాగువా అనే మూడు యుద్ధవిద్యలనూ ఒకే కుటుంబంగా చూపిన తరువాత ఆ పేరు స్థిరపడింది. నా మటుకు నేను ఆ విభజనను మరీ పట్టించుకోను. మా మాస్టారు కూడా పట్టించుకోరు, "లోపల అంటే ఎక్కడండీ, కాలేయం దగ్గరా?" అని ఎగతాళి చేస్తారు.

ఆయన పట్టించుకునేది ఒకే ఒక్క మాటను, "సుంగ్" అనే చైనా మాటను. మనవాళ్ళు దాన్ని "రిలాక్స్" అని చెప్పేస్తారు గాని, అలా చెప్పగానే అందరూ కుర్చీలో జారబడినట్టు ఒళ్ళు వదిలేస్తారు. ఆ అక్షరం రాసేటప్పుడు పైభాగంలో వచ్చేది పొడవైన జుట్టును సూచించే గుర్తు అని మాస్టారు ఒకసారి ఇసుకలో గీసి చూపించారు. బిగించి చుట్టిన కొప్పు ముడి విప్పితే జుట్టు దానంతట అదే జారుతుంది, దాన్ని ఎవరూ కిందికి లాగనక్కరలేదు. యాంగ్ చెంగ్‌ఫూ చెప్పగా ఆయన శిష్యుడు చెన్ వెయ్‌మింగ్ రాసిపెట్టిన పది సూత్రాలలో భుజాలు దిగాలి, మోచేతులు వేలాడాలి, నడుము వదులుగా ఉండాలి, నడినెత్తి తేలిగ్గా పైకి నిలవాలి అని ఉంటుంది. వినడానికి చాలా సులువు. కాని భుజాన్ని బలవంతంగా దింపితే అది దిగిన భుజం కాదు, దించి పట్టుకున్న భుజం. కొత్తగా ఇంకొక బిగింపు తోడవుతుంది, అంతే. నాకు మొదటి రెండేళ్ళు ఈ తేడా అర్థం కాలేదు. తెలుగులో "నిలబడు", "నిలబెట్టు" అని రెండు మాటలు ఉండబట్టి మాస్టారు నాకు కొంతైనా చెప్పగలిగారు.

దాన్ని ఒంటరిగా తెలుసుకోవడం కష్టమనే, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే సాధన ఒకటి పెట్టారు, చేతులతో తోసుకోవడం. కుడికాలు ముందుకు వేసి ఇద్దరమూ మణికట్లు ఆనించుకుంటాం. ఒకరు నెమ్మదిగా ముందుకు వస్తే ఇంకొకరు అంతే నెమ్మదిగా నడుము తిప్పి దారి ఇవ్వాలి, ఆ తరువాత తిరిగి రావాలి, తిరగలి తిరిగినట్టు. పాదం కదిలితే ఓడినట్టే. మాస్టారి మణికట్టు మీద నా మణికట్టు పెట్టినప్పుడు అక్కడ ఏమీ లేనట్టుగా ఉంటుంది, తడిసిన పంచె అంచు తగిలినంత బరువు. ఆయన ఖాళీగా ఉన్నారు కదా అని నేను తోస్తాను. తోసే ఆ క్షణానికి అక్కడ చెయ్యి ఉండదు, నా బరువంతా నా వేళ్ళ చివర్లకు వచ్చేస్తుంది, మునివేళ్ళ మీద లేచి ఆయన భుజం పట్టుకుని ఆగుతాను. ఆయన నన్ను పడగొట్టలేదు. నేను ఎక్కడ బిగిశానో అక్కడే పడ్డాను. కోపంగా ఉన్న రోజున ఒక నిమిషం నిలవను, ఇరవయ్యో తేదీ వారంలో అర నిమిషం కూడా నిలవను. ధ్యానంలో కూర్చున్నప్పుడు నేను చాలా శాంతమూర్తినని అనుకోవడానికి అవకాశం ఉంది. ఇక్కడ ఆ అవకాశం ఉండదు.

ఆరోగ్యం సంగతి చాలామంది అడుగుతారు గనుక నాకు తెలిసినంత చెబుతాను. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 195 మంది పార్కిన్సన్ రోగులను మూడు జట్లుగా చేసి 24 వారాలు గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. తాయ్ చీ చేసినవారికి శరీరపు నిలకడ మిగిలిన రెండు జట్లకంటే మెరుగుపడింది. పడిపోవడాలు మాత్రం ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే తగ్గాయి గాని, బరువులతో కండబలం పెంచుకునే వ్యాయామం చేసినవారికంటే తగ్గలేదు. ఈ రెండో సగాన్ని ఎవరూ వాట్సాప్‌లో పంపరు. నా మెడ ఎడమవైపు తిరుగుతోంది, పళ్ళు కొరకడం తగ్గింది. నా దగ్గర ఉన్న రుజువు అంతవరకే.

ఇక తిండి విషయానికి వస్తాను, ఎందుకంటే నా బిగింపు అసలు స్వరూపం అక్కడే బయటపడింది. సాధన మొదలుపెట్టిన ఏడాదికి నాకు చిరుధాన్యాల పిచ్చి పట్టింది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, రెండేసి రోజులు ఒక్కొక్కటి చొప్పున వంతు వేసి ఒక పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. పటమట రైతుబజారులో బెండకాయలమ్మే ఆవిడకు కూడా ఉపన్యాసం ఇచ్చాను. రాగులలో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందనీ, మనం తినే తెల్ల బియ్యంలో 8 మిల్లీగ్రాములు కూడా ఉండదనీ హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూపించి మా ఇంట్లో వాదించాను. అంకెలు నిజమే. గానుగ నూనె, తాటిబెల్లం, దంపుడు బియ్యం ఒకటొకటిగా ఇంట్లోకి వచ్చాయి, ఆవకాయ జాడీ అటక ఎక్కింది. అమ్మ స్టూలు వేయించుకుని మరీ దించి తింటోందని చాలా రోజుల తరువాత తెలిసింది.

కొర్రలతో కుస్తీ పట్టినవాళ్ళకు తెలుస్తుంది, బజారులో మెరుస్తూ లేతపసుపు రంగులో కనిపించేవి చాలావరకు పాలిష్ పట్టినవి. తవుడు పోని కొర్రబియ్యం మసక రంగులో ఉంటుంది, తవుడులోని నూనె వల్ల త్వరగా ముక్కవాసన పడుతుంది, అందుకే వ్యాపారికి దాని మీద మోజు ఉండదు. కడిగి, ఎనిమిది గంటలు నానబెట్టి, నానిన నీళ్ళతోనే సన్నని సెగ మీద వండితే మెత్తగా ఉడుకుతుంది. నానకుండా వండితే గొంతులో ఇసుక పోసినట్టుంటుంది. రాత్రి పదింటికి గిన్నెలో నీళ్ళు పోసి గడియారం చూసుకునేవాణ్ణి. ఉదయం ఆరింటికి ముందు మా ఆవిడ ఆ గిన్నె ముట్టుకుంటే ఊరుకునేవాణ్ణి కాదు.

మన ప్రాంతానికి ఈ పిచ్చి కొత్త కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రకృతి చికిత్స గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ గారు 1894లోనే తెలుగు చేశారు. ఈ దేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం ఆ అనువాదంతోనే మొదలైందని చెబుతారు. కాని అమ్మకు కూనే అవసరం రాలేదు. తెనాలి దగ్గరి పల్లెలో ఆమె చిన్నప్పుడు వసారాలో తరవాణి కుండ ఉండేదట. వార్చిన గంజి అందులో పోసి, రాత్రి మిగిలిన అన్నం వేసి పులియనిచ్చి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలానికి వెళ్ళేవారు. దానికి సహజ ఆహారం అని పేరు పెట్టలేదు, చద్దన్నం అన్నారు. ఒక రోజు నేను పళ్ళెంలో కొర్రన్నం ఎన్ని గ్రాములుందో చూస్తుంటే అమ్మ, "నువ్వు తినడం లేదురా, పద్దు రాసుకుంటున్నావు" అంది. మాస్టారు చెప్పిన మాటే ఇదని నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే తరువాతి సంగతి జరిగేది కాదేమో.

మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కుండపోత వాన, బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. సోమవారానికి కృష్ణలో కూడా ప్రకాశం బ్యారేజీ చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. మేము పై అంతస్తులో ఉంటాం, కింద ఒక కుటుంబం అద్దెకు ఉంటుంది. ఆయన ఆటో నడుపుతారు, ఆమె జాకెట్లు కుడుతుంది. కిందే మెట్ల పక్కన ఉన్న గదిలో రెండు నెలలకు సరిపడా నా ధాన్యం, నూనె డబ్బాలు ఉన్నాయి. నీళ్ళు గుమ్మం దాటేసరికి వాళ్ళు పిల్లల పుస్తకాలు, బట్టలు, గ్యాస్ సిలిండరు పైకి చేరవేస్తున్నారు. ఆమె కుట్టు మిషను ఒక పక్క పట్టుకుని, "అన్నయ్యగారూ, ఒక చెయ్యి వెయ్యండి" అంది. నేను "ఒక్క నిమిషం అమ్మా" అని గదిలోకి వెళ్ళి కొర్రల బస్తా కుడి భుజం మీదికి ఎత్తుకున్నాను.

అప్పటికే అడుగు తడిసి ఉంది. పాతిక కిలోల బస్తా ఇంకెంత బరువెక్కిందో తెలియదు గాని, నాలుగో మెట్టు మీద కాలు జారింది. మూడేళ్ళుగా ఒంటి బరువును ఒక కాలి నుంచి ఇంకొక కాలికి మార్చడమే నేర్చుకుంటున్న మనిషిని, గోడ పట్టుకుని కూలబడ్డాను, బస్తా నీళ్ళలోకి దొర్లింది. లేచి చూసేసరికి ఆమె మిషను దగ్గర లేదు; చిన్నవాణ్ణి ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. సాయంత్రానికి నీళ్ళు నడుము దాటాయి.

ఆ తరువాత మా ఇంట్లో రెండు కుటుంబాలం కలిసి ఉన్నాం. కరెంటు లేదు. మూడో రోజున పడవ మీద పులిహోర పొట్లాలు వచ్చాయి. రెండేళ్ళుగా తెల్ల బియ్యం ముట్టనని ప్రతిన పట్టిన నేను మూడు పొట్లాలు తిన్నాను. పోపులో వేరుశనగపప్పు మాడింది, పసుపు ఎక్కువైంది, ఏ నూనెతో చేశారో దేవుడికి తెలియాలి. అయినా దాని రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. నాకు ఏమీ కాలేదు, కడుపునొప్పి కూడా రాలేదు. ఆమె తన పొట్లంలో సగం మా అమ్మకు పెట్టింది, మిషను ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నీళ్ళు తీశాక కింద గది తలుపు తోస్తే సగంలోనే ఆగింది. వెనుక బస్తా అడ్డంగా పడి, ఉబ్బి, కుట్టు దగ్గర పగిలి ఉంది. బురదలోకి జారిన కొర్రలకు తెల్లటి మొలకలు వచ్చాయి, పాడైన పిండి పులిసిన వాసన వేస్తోంది. గానుగ నూనె గోడ మీద నీళ్ళ మట్టం దగ్గర జిడ్డుగీతలా అంటుకుంది. నేను పారతో ఎత్తుతుంటే అమ్మ మెట్ల మీద కూర్చుని చూసి, "రోజూ నానబెట్టాలి, నానబెట్టాలి అంటావుగా! ఈసారి బుడమేరే నానబెట్టి పెట్టింది నీకు" అంది. అద్దెకున్నావిడ ముందు నవ్వింది, ఆ తరువాత మా ఆవిడ, చివరికి నేను. కుట్టు మిషనుకు తుప్పు వదిలించి, మోటారు కొత్తది వేయించాను. అది నేను చేసిన ఉపకారం కాదని ఇక్కడ రాసి పెట్టుకోవడం నాకు అవసరం.

మరుసటి నెలలో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయాయన్న వార్త చదివాను. బూజు వల్ల విషం ఎక్కిన అరికెల పైరు ఎక్కువగా తినడమే కారణమని పరీక్షల్లో తేలింది. ఫ్రిజ్ మీది పట్టిక అప్పటికే తడికి సగం ఊడి వేలాడుతోంది, మిగతా సగం నేను తీసేశాను. చిరుధాన్యాలు మానలేదు. వారంలో మూడు రోజులు తింటాం, మిగతా రోజులు ఎవరికి ఏది కావాలంటే అది. రాగి అంబలి అమ్మకు కూడా ఇష్టమే, దాన్ని పులియనివ్వడంలో ఆమె చెప్పినట్టే వింటాను. ఆవకాయ జాడీ అటక దిగింది.

ఘాట్‌కు మళ్ళీ వెళ్ళేసరికి నెలన్నర పట్టింది. జరిగినదంతా, బస్తాతో సహా, మాస్టారికి చెప్పాను. ఆయన ఓదార్చలేదు, మందలించలేదు, "ఏ భుజం మీద ఎత్తారు?" అని మాత్రం అడిగారు. చూపించాను. మణికట్టు ముందుకు చాపారు. నేను ఆనించాను. రెండు చుట్లు తిరిగాక ఆయన చెయ్యి కొంచెం లోపలికి వచ్చింది, నేను అడ్డుకున్నాను, యథాప్రకారం మునివేళ్ళ మీదికి లేచి ఆయనను పట్టుకున్నాను. అయితే పడటానికి ముందు, ఒక్క రెప్పపాటు, కుడి భుజం చెవి వైపు పాకడం నాకు తెలిసింది. ఆ మాటే చెప్పాను.

"తెలిసిందిగా, దాని జోలికి వెళ్ళకండి" అన్నారు ఆయన. "ఎడమ మడమ లేస్తోంది. అది చూడండి."